తుపాకి నోటికి తీపి

మా బీరువాలో సగం నాది, సగం తుపాకిది. పెళ్లయి వచ్చిన కొత్తలో నాకిది మింగుడు పడలేదు. హ్యాంగర్లు తగిలించే వైపు మామ జంట గొట్టాల తుపాకి పాత పంచె చుట్టుకుని నిలబడి ఉండేది. రెండో వైపు అరల్లో నా చీరలు. తాళంచెవి మామ మొలతాడుకు. పట్టుచీర కట్టుకోవాలంటే ఆయన దగ్గరికి పోయి "మామా, జర తాళం" అని నిలబడాలి. ఆయన ముందు తుపాకిని తడిమి చూసి, ఆ తర్వాతే నన్ను చీర తీసుకోనిచ్చేవాడు. ఈ ఇంట్లో దానికున్న మర్యాద నాకు లేదని మా ఆయనను చాలాసార్లు దెప్పాను.

అది పంట కాపలాకు లైసెన్సు ఉన్న తుపాకి. మా చేను యాచారం వైపు. మక్కజొన్న వేస్తే కంకి పాలు పట్టగానే అడవిపందులు దిగుతాయి. మామ దాంతో దేన్నీ చంపగా నేను చూడలేదు. గట్టు మీద నిలబడి గాలిలోకి పేలుస్తాడు, పందులు పరుగు తీస్తాయి, అంతే. ఎన్నికలొస్తే దాన్ని పోలీసు స్టేషన్లో అప్పగించి రావాలి. అది స్టేషన్లో ఉన్నన్నాళ్లూ తాళంచెవి బీరువాకే వేలాడేది. ఎన్నికలు తరచుగా రావాలని కోరుకునే ఓటరును ఇబ్రహీంపట్నంలో నేనొక్కదాన్నేనేమో.

దసరాకు ముందు మామ తుపాకిని తుడిచి నూనె పెడతాడు. పూజ అత్తమ్మది. ట్రాక్టరు, మందు కొట్టే పంపు, మా ఆయన మోటార్ల రిపేరు షాపులోని పానాలు, నా కుట్టుమిషను, అన్నిటికీ పసుపు, కుంకుమ, మలీద. రొట్టెను పొడి చేసి బెల్లం కలిపి ముద్దలు కడతాం కదా, అదే. ఆవిడ పూజ చేస్తున్నప్పుడు దగ్గరికి ఎవరినీ రానివ్వదు. ఒక ఏడాది మామకు కంటి ఆపరేషన్ ఉందని మరీ శ్రద్ధగా చేసింది. పండగ మర్నాడు నా మిషను తిరగలేదు. విప్పి చూస్తే సూది కింద దారపు డబ్బీలో మలీద ఇరికి ఉంది. నేను గొణుక్కుంటూ శుభ్రం చేసుకున్నాను. అత్తమ్మ వినీ విననట్టు ఊరుకుంది.

తర్వాత మామకు కంటి ఆపరేషన్ అయింది. చుక్కలు వేసుకుంటూ, నల్ల అద్దాలు పెట్టుకుని ఇంటి పట్టునే ఉన్నాడు. కన్ను ఇంకా పూర్తిగా కుదురుకోలేదు, వెలుతురుకేసి చూస్తే నీళ్లు కారేవి. అలాంటప్పుడు ఒకరోజు పొద్దున్నే పక్క చేను ఆయన ఫోన్ చేశాడు, పందులు దిగి ఒక మూలంతా తొక్కేశాయని. మామ అద్దాలు తీసి పక్కన పెట్టి బీరువా తెరిచాడు. నాకు ఆ రోజు కోహెడలో పెళ్లి ఉంది, చీర కోసం నేనూ వెనకే నిలబడ్డాను.

చీమలు. బీరువా అడుగు నుంచి బారుగా నా పెళ్లి పట్టుచీర మీదుగా వెళ్లి పంచె మడతల్లోకి ఎక్కుతున్నాయి. నాకు ఒళ్లు మండింది.

"గా తుపాకికి ఏం పూసినవ్ మామా? చీరంత చీమలే."

"నూనె పెట్టిన. ఎప్పుడు పెట్టేదే."

"నూనెకు చీమలెందుకొస్తయ్?"

మామ పంచె విదిలించి, తూటాలు జేబులో వేసుకుని బయల్దేరబోయాడు. మామూలుగానైతే గొట్టాల్లోంచి వెలుతురు చూసుకోకుండా గడప దాటడు. ఆ రోజు కన్ను సహకరించదని ఆ పని వదిలేశాడు. దసరాకే తుడిచాను కదా అన్న ధీమా ఒకటి. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. ఆయన క్షేమం కోసం అని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, నా బాధంతా చీర గురించే.

"పందులు యాడికి పోవు. తుడిచి తీస్కపో. లేకుంటే పొద్దుమీకి మల్ల గివే చీమలు నా చీరల మీదికొస్తయ్."

కోడలితో వాదన పెట్టుకునే కంటే తుడవడమే తేలిక అనుకున్నట్టున్నాడు. వరండాలో చాప పరిచి కూర్చుని, గొట్టాలను వెనకనున్న కట్టె పిడి నుంచి విడదీశాడు. పొడవాటి కడ్డీ చివర గుడ్డ చుట్టి గాసునూనెలో, అదే కిరసనాయిల్లో, ముంచాడు. ఎడమ గొట్టంలో కడ్డీ జర్రున పోయి అటు తేలింది. కుడి గొట్టంలో పోలేదు. మూతికి జానెడు లోపల ఆగిపోయింది. ఆయన మెల్లగా తట్టాడు. లోపల గట్టిగా ఉంది.

మామ కడ్డీ కింద పెట్టాడు. జేబులోని తూటాలన్నీ తీసి దూరంగా కిటికీ గూట్లో పెట్టి వచ్చాడు. మళ్లీ చాప మీద కూర్చున్నాడు.

"ముందు కుడిదే పేలుస్త నేను," అన్నాడు. "గొట్టం మూసుకోనుంటే గుండ్లు బయటికి పోవు బిడ్డా. గొట్టమే పగుల్తది."

గొట్టం కింద పట్టుకునే తన ఎడమ చేతిని చూసుకున్నాడు. ఆ చెయ్యి అక్కడ, చాప మీద, వేళ్లతో సహా ఉంది. నేనూ పక్కనే కూర్చుండిపోయాను. కోహెడ పెళ్లి గుర్తే లేదు.

ఈలోగా మా ఆయన షాపు నుంచి వచ్చాడు. సంగతి విని, కందిరీగ లోపల మట్టి గూడు పెట్టి ఉంటుందన్నాడు. డ్రిల్లు మిషనుకు కడ్డీ తగిలించి తిప్పితే నిమిషంలో వస్తుంది బాపూ అన్నాడు.

"ఇది నీ బోరు మోటరు గాదురా. గొట్టం గీసుకపోతే ఇంకెందుకు పనికొస్తది?" అన్నాడు మామ.

మట్టికి చీమలెందుకొస్తాయి? అప్పుడు నాకు కుట్టుమిషను గుర్తొచ్చింది. చాయ్ గ్లాసులతో అత్తమ్మ అప్పుడే వంటింట్లోంచి వస్తోంది.

"అత్తమ్మా, దసరా నాడు తుపాకికి మలీద ఎక్కడ పెట్టినవ్?"

"నోట్లె పెట్టిన. నైవేద్యం నోట్లె గాక యాడ పెడ్తరు?"

ఆవిడ మా ముఖాలు ఒక్కొక్కటే చూసింది. పైపైన పెడితే జారి కింద పడుతుందని తెడ్డు కాడతో లోపలికి నెట్టానని తనే చెప్పింది. మామ కోప్పడకుండా, గొట్టం మూసుకుంటే ఏమవుతుందో నాకు చెప్పినట్టే ఆవిడకూ చెప్పాడు. నేను లేచి ఆవిడ చేతిలోని చాయ్ ట్రే అందుకున్నాను.

"మీ మామకు కండ్లు మసకైనయ్ గదా," అంది అత్తమ్మ. "గా తుపాకి పట్టిన చేతులకు ఏం గావొద్దని మొక్కి పెట్టిన."

నేను మామకు చాయ్ గ్లాసు అందించాను. మామ చాయ్ తాగాడు. "ఏం గాలేదు గదా," అన్నాడు. తర్వాత, "నీళ్లు కాగబెట్టు," అన్నాడు.

ఇనుముకు నీళ్లు శత్రువని ఎప్పుడూ చెప్పే మనిషి, ఆ రోజు తన చేత్తోనే గొట్టంలో వేడినీళ్లు పోశాడు. బెల్లం నీళ్లు కారాయి, వాటితో పాటే చీమలు. వెనక నుంచి కడ్డీతో నెడితే బొటనవేలంత ముద్ద టప్పున చాప మీద పడింది. అత్తమ్మ దాన్ని తీసుకుపోయి మందారం మొదట్లో పెట్టింది. నైవేద్యం కదా, పారేయడానికి ఆవిడకు మనసొప్పలేదు.

ముద్ద ఉన్నచోట లోపల తుప్పు పట్టింది. అసలు పని అప్పుడు మొదలైంది. ఇత్తడి కుచ్చు, గాసునూనె, నా దగ్గరి లైనింగు ముక్కలు. మామ రుద్దుతాడు, నేను గొట్టాలను గుమ్మం వెలుతురుకు ఎత్తి చూస్తాను. ఆయన కన్ను నేనే ఆ పూట.

"ఉన్నదా?"

"ఉన్నది మామా. ఎర్రగ, చేతిగాజు లెక్క చుట్టూత."

మళ్లీ రుద్దేవాడు. భుజం నొప్పి పుడితే మా ఆయన అందుకున్నాడు, డ్రిల్లు ఊసెత్తకుండా. మసి గుడ్డలు కుప్పపడ్డాయి. నా చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. ఎరుపు గోధుమ రంగైంది, తర్వాత మసకైంది. చివరికి పొడి గుడ్డతో లాగి, నా మిషను నూనె పెట్టి, నేను మరోసారి ఎత్తి చూశాను. వెలుతురు ఇటు నుంచి అటు దాకా ఎక్కడా ఆగకుండా పోయింది. అటు చివర గుండ్రంగా ఆకాశం. అన్నేళ్లూ నేను విసుక్కున్న వస్తువు లోపల ఇంత తెల్లగా ఉంటుందని నాకు తెలియదు. ఏడుపొచ్చింది. గాసునూనె ఘాటు అని చెప్పాను.

కుడి గొట్టాన్ని పట్నంలో తుపాకుల దుకాణం ఆయన చూసి బాగుందనేదాకా పేల్చనన్నాడు మామ. పందులకు ఎడమది చాలు. సాయంత్రం తండ్రీకొడుకులు బండి మీద చేనుకు పోయారు. అత్తమ్మ టీవీ పెట్టలేదు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. ఎడమది శుభ్రంగా ఉందని నా కళ్లతో చూశానని చెప్పాను. తల ఊపింది గానీ లేవలేదు.

దీపాలు పెట్టే వేళకు బండి చప్పుడైంది. మామ దిగాడు. పందులు పోయినయ్ అన్నాడు. తుపాకిని మా ఆయన లోపలికి తీసుకుపోయాడు. అత్తమ్మ మామ రెండు చేతులూ పట్టుకుని, తిప్పి, వేళ్లన్నీ ఒక్కొక్కటే ఒత్తి చూసింది. ఆవిడ అలా చేయడం నేను ఎన్నడూ చూడలేదు. మామ సిగ్గుపడి, "రెండున్నయ్, వదులు," అన్నాడు.

ఆవిడ వదల్లేదు. కొంగుముడి విప్పి బెల్లం ముక్క తీసి ఆ ఎడమ అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.