ఆకు లేని బీడీలు

జగిత్యాలలో మూర్ఛ రోగుల డాక్టరుగా నేను రోగంతో కంటే దయ్యాలతోనే ఎక్కువ పోట్లాడాను. ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో తాళాల గుత్తి పెట్టవద్దని, ముక్కు దగ్గర చెప్పు పెట్టవద్దని అరిచి అరిచి నా గొంతు ఎప్పుడో పాడైంది. అయినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. దయ్యం మాట ఎత్తితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒక్కసారి మాత్రం మండలేదు, జలదరించింది.

కోరుట్ల నుంచి ఒక అత్త తన కోడలిని తీసుకొచ్చింది. వెంట ఏడెనిమిదేళ్ల మనవరాలు. ఈ పిల్లను కన్న తల్లి, అంటే పెద్ద కోడలు, జ్వరమొచ్చి పోయింది. కొడుకు ఈమెను రెండో పెళ్లి చేసుకుని మళ్లీ దుబాయి వెళ్లిపోయాడు. పెళ్లయిన కొన్నాళ్లకే ఈమె ఉన్నట్టుండి స్పృహ తప్పడం మొదలైంది. ముంజేతి మీద కాలిన గాయం ఇంకా పచ్చిగానే ఉంది. గంజి వారుస్తుంటే స్పృహ తప్పిందట.

"గిది ఫిట్స్ గాదు సారూ," అంది అత్త, ఫోన్ నా ముందు పెడుతూ. "నా పెద్ద కోడలు అచ్చి గీమెను పట్టింది. మీరే సూడుండ్రి."

వీడియోలో కోడలు గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. నోరు చప్పరిస్తోంది. ఒళ్లో చేతులు మాత్రం పనిలో ఉన్నాయి. లేని ఆకును పరిచి, లేని తంబాకు చిటికెడు వేసి, చుట్టి, దారం కట్టి, చివర గోటితో మడిచి పక్కన పెడుతోంది. మళ్లీ ఇంకోటి.

"పెద్దామె బీడీలు సుట్టేది. గీమె సిరిసిల్ల పిల్ల, సాంచెల ఇంటిది. ఎన్నడు తునికాకు సుత ముట్టలే."

నేను రోజూ చెప్పే పాఠమే చెప్పాను. మెదడులో ఒక మూల కరెంటు గాడి తప్పితే స్పృహ పోతుంది, చేతులు ఊరికే ఏదో ఒకటి చేస్తాయి, బొత్తాలు తడుముతాయి, కొంగు నలుపుతాయి అన్నాను. మరమగ్గాల దగ్గర తెగిన పోగులు ముడివేసిన చేతులు కదా అని కూడా అన్నాను. మా అమ్మ బీడీలు చుట్టిన మనిషి. పోగు ముడికీ బీడీ మడతకూ తేడా నాకు తెలుసు. అది మాత్రం బయటికి అనలేదు.

మందు పనిచేయలేదు. మోతాదు పెంచాను, అయినా ఆగలేదు. తర్వాత వచ్చినప్పుడు పాత గాయం పక్కనే కొత్తది ఉంది. ఆ రోజు మూర్ఛ నా ఎదురుగానే వచ్చింది. ఆమె మాట మధ్యలో ఆగింది. చేతులు ఒళ్లోకి దిగి చుట్టడం మొదలుపెట్టాయి. బయట జనం గోల చేస్తున్నా ఆ వేళ్ల రాపిడి నాకు వినబడింది. అప్పటిదాకా మూలన ముడుచుకున్న పిల్ల లేచి వచ్చి, ఆమె మోకాళ్ల దగ్గర నిలబడి దోసిలి పట్టింది. ఆమె ఒక్కొక్కటే అందులో పెడుతోంది. పిల్ల జాగ్రత్తగా పేర్చుకుంటోంది.

"అమ్మా, నీకు ఆకలైతలేదా?" అని అడిగింది పిల్ల.

చేతులు ఆగాయి. ఒక చేయి లేచి పిల్ల జుట్టు నిమిరింది. మళ్లీ పనిలో పడింది. ఇన్నేళ్లలో రోగిని చూసి నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నది అప్పుడే.

రక్తం పరీక్ష చేయిస్తే మందు జాడే లేదు. అమ్మను రానివ్వని గోలీలను పిల్లే పారేస్తోందని అనుకున్నాను. అత్తనూ పిల్లనూ బయటికి పంపి కోడలితో అదే మాట అన్నాను.

"దాన్ని ఏమనకుండ్రి సారూ. నేనే మింగుతలే."

"ఎందుకమ్మా?"

"ఇంట్ల అది నా మొకం సూడది. పిలిస్తె పలకది. నాకు తెలివచ్చేసరికి మాత్రం నా ఒళ్లె తలపెట్టుకోని ఉంటది, అమ్మా అనుకుంట. తెలివచ్చిందని నేను తెల్వనియ్య. ఇంకింతసేపు గట్లనే ఉంటది గదా."

నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. "ఈసారి గంజి ముఖం మీద పడుతుంది. లేదా పొయ్యిలోనే పడతావు. ఆ పిల్లకు ఇంకోసారి తల్లి చావాలా?" అని కసిరాను. తలెత్తితే తలుపు సందులో పిల్ల నిలబడి ఉంది. ఎంత విన్నదో తెలియదు.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఫిట్స్ ఆగిపోయాయి. గాయాలు మానాయి. "ఇడిసిపెట్టి పోయింది సారూ," అంది అత్త, కొంచెం దిగులుగానే. అత్తా పిల్లా బయటికి వెళ్లాక కోడలిని అడిగాను, పిల్ల ఇప్పుడైనా అమ్మా అంటోందా అని.

తల అడ్డంగా ఊపింది.

"అంటలేదు సారూ. గని నేను గోలి మింగేదాక అన్నం ముట్టది. మింగినంక నోరు తెరువుమంటది. నాలిక కింద సుత సూస్తది."