మేక తిన్న నేల

ఆ రోజుల్లో నేల సమంగా ఉండడం కూడా ఒక భాగ్యమని నాకు తెలియదు. పెళ్లయి ధర్మవరం వచ్చిన కొత్తలో మా మగ్గం ఒక పాత నూనె అంగడి కింద, నేలమాళిగలో ఉండేది. ఒలికిన నూనె మూలకు జారిపోవాలని ఏటవాలుగా పోసిన సిమెంటు నేల అది. మగ్గమూ అటే ఒరిగింది. నాడె (అడ్డపోగు మోసుకుపోయే చెక్క పడవ) పోయేటప్పుడు తుర్రుమనేది, వచ్చేటప్పుడు అలిగిన అల్లుడిలా బతిమాలించుకునేది. చీర అంచులు వంకర. "ఇంకోతూరి ఇట్లా తెస్తే పట్టు ఇచ్చేది లేదప్పా" అని సావుకారు మా ఆయనకు తేల్చి చెప్పాడు.

దాంతో మగ్గం విప్పి, మేస్త్రీ దగ్గర నీళ్ల ట్యూబు అడిగి తెచ్చి, ఈ గోడకు నేను, ఆ గోడకు ఆయన పట్టుకుని మట్టం చూశాం. "చెయ్యి ఎత్తొద్దు మేయ్! యాడ చూస్తాండావు?" అని ఆయన. "ఆ నీళ్లు పారబోయొద్దండి, మేక తాగుతాది" అని మా అత్త. (కరువు ఊళ్లో మట్టం చూసిన నీళ్లకూ పని ఉంటుంది.) సిమెంటు పోసి ఆరాక, అత్త ఒక వేరుశనగ గింజను నేల మీద వదిలింది. మునుపు మూలకు పరుగెత్తే గింజ కదల్లేదు. ఇక మిగిలింది చల్లదనం. దానికి అత్త మోకాళ్లు పట్టేసేవి. వేరుశనగ పొట్టు గోనెసంచుల్లో కుట్టి పరిచి, పైన చెక్కలు వేద్దామన్న గొప్ప ఆలోచన నాదే. పొట్టులో తాలు గింజలు ఉంటాయని నాకు తట్టలేదు, మా మేకకు తట్టింది.

మగ్గం మళ్లీ బిగించి, సగం చీర నేసి అన్నానికి పైకి పోయాం. తిరిగి దిగేసరికి మేక మగ్గం కింద నిలబడి నములుతోంది. నోట్లోంచి పోగు వేలాడుతోంది. "అత్తా, పట్టు తినేసినాది!" అని కేకపెట్టి, ఏడుస్తూ ఆ పోగు లాగాను. చేతికొచ్చింది చెక్కల సందులోంచి అది పీకిన గోనె దారం. మగ్గం మీద ఒక్క పోగూ తెగలేదు. మేక తిన్నది నేలనే! దాని మెడ కావలించుకుని ముద్దులు పెట్టేశాను. వెనకనుంచి అత్త, "మొగుణ్ణి ఎప్పుడన్నా ఇట్లా పట్టుకున్నావేమే?" అంది. ఆయన గోడవైపు తిరిగి, శుభ్రంగానే ఉన్న నాడెను తుడవడం మొదలుపెట్టాడు.

ఆ చీర అంచు గీత గీసినట్టు వచ్చింది. సావుకారు దాన్ని వేళ్లతో తడిమి, మరో చీర పడుగుకు పట్టు తూచాడు. ఇప్పుడు మా ఇంట్లో నున్నటి టైల్సు. ఎవరూ లేనప్పుడు ఒక గింజ వదిలి చూస్తుంటాను. అది కదలదు. మేక మెడ పట్టుకుని ముద్దులు పెట్టిన ఆ కొత్త కోడలు పిల్ల గుర్తొచ్చి నవ్వుకుని, గింజ తీసి నోట్లో వేసుకుంటాను.