పది దినాల రేకులు

కోవిల్‌పట్టిలో మా మామగారిది చిన్న పత్తి వ్యాపారం. ఏ ఖర్చు మాట ఎత్తినా, మూసిన లెక్కల పుస్తకం మీద అరచెయ్యి పెట్టి, "ఏడు తిరగనీమ్మా" అనేవారు.

విరుదునగర్ వకీలు ఒకాయన నేర్పిన తెలివి అది. నష్టమొచ్చిన ఏడు ఎంత ఖర్చు రాసినా పన్నులో పైసా తగ్గదట. లాభమొచ్చిన ఏట రాస్తేనే తగ్గుతుందట. అప్పటినుంచి మా ఇంట్లో తక్కెడ మారాలన్నా, గోనెలు కొనాలన్నా లాభమొచ్చే ఏటి కోసం కాచుకోవలసిందే.

1930లలో పత్తి ధర పడిపోయి ఒక ఏడంతా నష్టమే మిగిలింది. గోదాము రేకులు చిల్లులు పడ్డాయి, మార్పించమన్నాను.

"ఈ ఏడు లాబం యాడుంది? లోపలుండే పత్తి చిత్తిర నెల పుట్టి, కొత్త లెక్క పెట్టినాక అమ్మితే లాబం వస్తుంది. రేకులు అప్పుడు కొంటే పన్ను తగ్గును. ఇంక పది దినాలే కదమ్మా."

ఆయన లెక్కలో తప్పు లేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

నాలుగో నాడు వేసవి వాన రెండు గంటలు కురిసింది. పత్తంతా ముద్దయి, పచ్చబడి, వాసన కొట్టింది.

చిత్తిర మొదటినాడు కొత్త పుస్తకం నాలుగు మూలలా నేనే పసుపు పూసి ఇచ్చాను. "ఇప్పుడు రేకులు కొందామా మామా?" అని అడిగాను.

"ఏ లాబంలో తగ్గించుకునేది?" అన్నారు.

పుస్తకం మూసి అరచెయ్యి పెట్టారు. ఆ పాత మాట కోసం చాలాసేపు నిలబడ్డాను. ఆయన అనలేదు.