మిట్టవీధి కొళాయి గుంతలు

మా వీధిలో కొళాయి పెట్టుకోవాలంటే ముందు గుంత తవ్వుకోవాలి. కురబలకోట దగ్గర మా ఊరు. నీళ్ల ట్యాంకేమో ఊరికి దిగువన, రోడ్డు పక్కన. దిగువ వీధివాళ్లు కొళాయి తిప్పితే చాలు, బిందె నిండేది. మిట్ట మీదున్న మా వీధికొచ్చేసరికి పైపులో గాలి తప్ప ఇంకేమీ ఉండేది కాదు. అందుకని మా ఆడవాళ్లు ఇంటి ముందర నడుం లోతు గుంత తవ్వించి, పైపును అడుగున కోయించి, అక్కడ కొళాయి బిగించుకున్నారు. అందులోకి దిగాలి, గొంతుకూర్చోవాలి, బిందె నింపాలి, దాన్ని గట్టు మీదికెత్తి మళ్లీ పైకెక్కాలి. వానాకాలంలో అడుగంతా బురద. ఆ బురదలోనే జారి మా అమ్మ ఒకసారి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పిన మర్నాడే మళ్లీ దిగింది.

మదనపల్లెలో ఇంటర్ చదివేటప్పుడు ద్రవ పీడనం పాఠం వచ్చింది. నీళ్లలో ఎంత లోతుకు పోతే పీడనం అంత పెరుగుతుంది, పాత్ర ఎంత వెడల్పున్నా దానితో పని లేదు. లెక్చరర్ రెండు వాక్యాలు చెప్పి, సూత్రం బోర్డు మీద రాసి, తర్వాతి పాఠంలోకి పోయాడు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. సంతకం పెట్టడం కూడా రాని మా వీధి ఆడవాళ్లు ఈ పని ఎప్పుడో చేసేశారు. పైకి రాని నీళ్ల కోసం తామే కిందికి దిగి, కావాల్సిన ఎత్తును సంపాదించుకున్నారు. ముందు గర్వం కలిగింది. బస్సు దిగి ఇంటికొచ్చి, గుంతలో అమ్మ నెత్తి మాత్రమే కనిపించేసరికి ఆ గర్వం కాస్తా కోపమైంది. ట్యాంకు ఎత్తులో కట్టాల్సింది పోయి, మనుషులు పల్లంలోకి దిగడమేమిటి?

ఆ కోపంతోనే ఫిజిక్స్ చదివానని చెబితే అతిశయోక్తి కాదు. ఇప్పుడు పుంగనూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో అదే పాఠం చెబుతున్నాను. రోజూ మా ఊరి నుంచే బస్సులో పోయివస్తాను.

ఆమధ్య మా ఊరికి కొత్త ట్యాంకు మంజూరైంది. పాతదాని పక్కనే, దానికి రెండింతలు వెడల్పుతో కడతామని దిగువ వీధి పెద్దాయన రచ్చబండ దగ్గర అందరినీ పిలిచి చెప్పాడు. ఊళ్లో ఆయన మాటే చెల్లుబాటు. మిట్టవీధికి ఇక కష్టాలు తీరినట్టేనన్నాడు. మావాళ్లు కూడా సంతోషంగా తలలూపారు. నేను లేచి నిలబడ్డాను.

“పెదనాయనా, ఆడ్నే కడితే మా వీధికి నీళ్లెక్కవు.”

“యాల ఎక్కవమ్మా? ఇంత పెద్ద ట్యాంకి. అన్ని నీళ్ల బరువు తోస్తాంటే ఎక్కకుండా యాడికి పోతాయి?”

“ఎన్ని నీళ్లుంటే ఏం? ఎంత ఎత్తులో ఉండాయనేదే లెక్క. సన్న బాయిలో మునిగినా, పెద్ద బాయిలో మునిగినా ఒకే లోతులో చెవులు ఒకేమాదిరి నొప్పి పుడతాయి గదా! వెడల్పు ట్యాంకి కడితే దిగువ వీధికి ఇంకా శానాసేపు వస్తాయి. మాకు జోరు రాదు.”

వెనకనుంచి ఎవరో అన్నారు: “గొర్లదొడ్లో పుట్టిన పాప మనకి నీళ్ల సంగతి సెప్తాండాది సూడు!” అంతా నవ్వారు. ఒళ్లు మండిపోయింది. మా నాయన గొర్రెల కాపరి, నేను దొడ్డిలోనే పుట్టాను, అందులో దాచుకోవాల్సిందేముంది? ఇంటికి పోయి ఏడుస్తానని వాళ్లనుకుని ఉంటారు. నేను పోయింది మేస్త్రి ఇంటికి.

ఆయనది కుప్పం. పని మీద వచ్చి మా ఊళ్లోనే స్థిరపడ్డాడు. ఊళ్లో సగం ఇళ్లు ఆయన చేతి మీదుగా లేచినవే. పునాది మట్టం చూడటానికి ఆయన దగ్గర ఒక పొడుగాటి ట్యూబు ఉంటుంది, లోపలి నీళ్లు బయటికి కనిపించేది. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తులో నిలబడతాయి కాబట్టి, గోడ మీద అక్కడో గీత, ఇక్కడో గీత గీస్తే మట్టం తేలిపోతుంది. ఆ ట్యూబు చెప్పినదాన్ని మా ఊళ్లో ఎవరూ కాదనరు. నేను చెప్పేదీ అదే సూత్రం, కాకపోతే నా నోటినుంచి వస్తే నమ్మరు.

“ట్యాంకి అడుగు నుంచి మా ఇంటిదాకా మట్టం తియ్యాలన్నా” అని అడిగాను.

“ఒక్క దూకుడులో అందదమ్మా. గోడ గోడకీ గీత పెట్టుకుంటా పోవాల. ఆదివారం వస్తా” అన్నాడు.

ఆదివారం ఊరు ఊరంతా మా వెనకే నడిచింది. ట్యూబు కదిలించిన ప్రతిసారీ లోపలి నీళ్లు పైకీ కిందికీ ఊగేవి. ఈ కొసన వేలితో తడితే ఆ ఊపు ఆ కొసకు చేరేది, ఈ కొస నీళ్లు మాత్రం ఆ కొసకు పోయేవి కావు. అలలు మోసేది శక్తినే గాని నీళ్లను కాదని క్లాసులో గంటసేపు చెబుతాను, అక్కడ ఒక్క వేలితో తెలిసిపోయింది. జనం తొందరపడితే మేస్త్రి కసిరాడు: “ఊగులాట నిల్చేదాకా ఆగండప్పా!” అలా గీత మీద గీత పెట్టుకుంటూ మిట్టెక్కాం. చివరి గీత మా ఇంటి గోడ మీద, కిటికీ అడుగుకు సరిగ్గా సమానంగా పడింది. స్తంభాల మీద అంతెత్తున కనిపించే ట్యాంకు అడుగు, నిజానికి మా కిటికీ దాటలేదు. దిగువ వీధి కొళాయిలన్నీ తిప్పితే ఆ కాస్త జోరూ దారిలోనే అయిపోతుంది. ఎవరూ నవ్వలేదు.

రెండు రోజులకు ఇంజనీరు వచ్చి గీత చూశాడు. ఒప్పుకున్నాడు. అయితే ఊళ్లో ఇంతకన్నా ఎత్తైన జాగా ఒక్కటే ఉంది. మా ఇంటి వెనక గుట్ట. దాని మీద మా నాయన గొర్రెల దొడ్డి.

పెద్దాయన ఆ అవకాశం వదులుకుంటాడా? “అయితే మీ నాయన్ని ఇయ్యమను తల్లీ. ఈ దినమే రాసుకుంటాం” అన్నాడు నవ్వుతూ.

నిజం చెప్పాలంటే, అన్ని గీతలు గీయించిన నేను, గుట్ట మీద ఎవరున్నారన్నది మాత్రం ఆలోచించలేదు. పల్లంలో పడుకుంటే గొర్రెలకు గిట్టలు చెడతాయి. వాన పడినా ఇట్టే ఆరిపోయే ఆ రాతినేల మీదే మా తాత కాలంనుంచీ మంద పెరిగింది.

నాయన ఇంట్లో కూర్చుని ఒకే మాట అన్నాడు: “నీ సదువు నా దొడ్డి మీదికొచ్చె.”

నేను తల దించుకున్నాను. కానీ చెప్పింది తప్పని మాత్రం అనలేదు. అనను కూడా. అప్పటిదాకా పొయ్యి దగ్గరున్న అమ్మ ఇటు తిరిగింది.

“నేను ముప్పై ఏండ్లు దిగినా ఆ గుంతలోకి. ఒక్క దినం నువ్వు దిగి ఒక్క బిందె తీస్కరా. ఆ పైన ఇయ్యనంటే నేనేమీ అనను.”

మర్నాడు తెల్లారి కొళాయి వచ్చే వేళకు నాయన పంచె ఎగ్గట్టి గుంతలోకి దిగాడు. వీధి ఆడవాళ్లంతా బిందెలు పక్కన పెట్టి చూస్తూ నిలబడ్డారు. ధార సన్నగా ఉంది, ఎంతకూ నిండలేదు. చాలాసేపు ఆయన అక్కడ గొంతుకూర్చునే ఉన్నాడు. ఎక్కేటప్పుడు ఒకసారి కాలు జారి మోకాలి మీద పడ్డాడు. సగం నీళ్లు ఒలికిపోయాయి. మిగిలిన సగం తెచ్చి అమ్మ ముందు పెట్టాడు, ఆమె ముఖం చూడలేదు. చేతులు కూడా కడుక్కోకుండా నేరుగా దిగువ వీధికి పోయి, “గుట్ట తీసుకోండప్పా” అని చెప్పి వచ్చాడు.

ట్యాంకు గుట్ట మీదికే వచ్చింది. మా వీధి కొళాయిలు గుంతల్లోంచి పైకొచ్చాయి. మంద పల్లపు చేనికి దిగింది. ఆ ఏడాది వానలకు గిట్టలు చెడి మూడు గొర్రెలు పోయాయి. ప్రారంభం రోజు ట్యాంకుకు నల్లరాతి ఫలకం బిగించారు. పెద్దాయన పేరు, ఆయన పిలిచినవాళ్ల పేర్లు, బంగారు రంగు అక్షరాల్లో. నాయన పేరు లేదు. ఎందుకు లేదని నేను అందరి ముందూ అడిగాను. జాగా చాల్లేదన్నారు.

ఫలకం మీద నాకు అధికారం లేదు. నా నోట్సు మీద ఉంది. ద్రవ పీడనంలో మొదటి లెక్క నేను ఇలా ఇస్తాను: “ఒక గొర్రెల కాపరి తన దొడ్డి ఖాళీ చేసి ఇచ్చిన గుట్ట మీద నీళ్ల ట్యాంకు ఉంది. ఆ గుట్ట దిగువన ఉన్న కొళాయి దగ్గర పీడనం ఎంత?”

ఈ ఏడాది ప్రిన్సిపాల్ నన్ను పిలిచి ఆ కాగితం ముందు పెట్టాడు. పరీక్షలో ఈ కథలు అడగరు, ‘హెచ్ ఎత్తులో ట్యాంకు ఉంది’ అని రాస్తే సరిపోతుంది, మిగతాది కొట్టేయమన్నాడు.

“ఆ హెచ్ ఊరికే రాలేదు సార్, మా నాయన ఇచ్చాడు” అన్నాను. కొట్టేయలేదు.