బూన్ లే నుంచి పాయా లేబర్‌కి, ఒళ్లో అరబిక్ పుస్తకాల పెట్టె

ఈ బ్లాగులో ఇంతవరకూ బీచ్‌లూ, పార్కులూ, ఎక్కడ ఏం తినాలో రాశాను. ఈసారి రాసేది సింగపూర్ లోపలే చేసిన ఒక్క శనివారం రైలు ప్రయాణం. రాయడానికి సిగ్గుగా ఉంది, ముందే చెప్తున్నా. ఏడాదిగా రీమా అనే స్నేహితురాలితో కలిసి ఒక చిన్న పుస్తకం తయారుచేస్తున్నాను. ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్ల కోసం, అరబిక్‌లో. అరబిక్ రీమా సొంత భాష, కాబట్టి రాసేది తను. పేజీలు కూర్చి, బొమ్మలు పెట్టి, అందంగా కనబడేలా చేసేది నేను. డాక్టర్ని ఏమడగాలి, ఇంట్లోవాళ్లు పెళ్లి పెళ్లి అని ప్రాణం తీస్తుంటే ఏం చెప్పాలి, ఫోన్ వేరేవాళ్ల చేతిలో పడకుండా ఎలా చూసుకోవాలి, ఇలా నలభై ఎనిమిది పేజీలు. తన భాషలో ఇవన్నీ వెతికితే తిట్లయినా దొరుకుతాయి, రోగాల పేర్లయినా దొరుకుతాయి, అంతేనని రీమా బాధ. నెట్‌లో పెట్టేముందు ఇక్కడ ఉంటున్న ఆరుగురు అరబ్ ఆడవాళ్లు చదివి తప్పులు పట్టాలి. బూన్ లేలో ప్రింటైన కాపీలు తీసుకుని పాయా లేబర్‌లో వాళ్లకి చేర్చడం ఆ రోజు మా పని.

బుకిట్ బటోక్‌లో తొమ్మిదిన్నరకి రైలెక్కాను. ఒక్క స్టేషన్ దాటితే జురాంగ్ ఈస్ట్. అక్కడ రీమా కలిసింది. పచ్చ లైన్‌కి మారి పడమటి వైపు మూడు స్టేషన్లు వెళ్తే బూన్ లే. నడకతో కలిపి అరగంట, డాలరున్నర లోపే. ప్రింటింగ్ షాపు కార్ఖానాల మధ్య ఉంది, స్టేషన్ దగ్గర బస్సెక్కాలి. షాపు అంకుల్ చైనీస్ ఆయన. కుడినుంచి ఎడమకి చదివే ఆ పుస్తకాన్ని తిప్పి తిప్పి చూసి, "నువ్వు చెప్పినట్టే కుడి పక్కన కుట్టాను. మూడుసార్లు చూసుకున్నా లా, ఇప్పటికీ నాకు తలకిందులుగానే ఉంది" అన్నాడు, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే 'లా' తగిలించి. లోపల ఏముందని అడగలేదు. ఇరవై కాపీలు అట్టపెట్టెలో సర్ది, గుర్తుకోసం పుస్తకం పై అట్ట ఒకటి విడిగా తీసి పెట్టె మూత మీద అంటించాడు. పెద్ద పెద్ద అరబిక్ అక్షరాలు, నేనే ముచ్చటపడి ఎంచుకున్నవి.

పదకొండున్నరకే అక్కడి హాకర్ సెంటర్‌కి, తిండి కొట్లన్నీ ఒకే చూరు కింద ఉండే చోటికి, వెళ్లిపోయాం. పన్నెండు దాటితే నిలబడటానికి కూడా చోటుండదు. టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ 'చోప్' చేసి, అంటే ఇది మాదని గుర్తు పెట్టుకుని, నాలుగు డాలర్ల చిల్లరకి నాసి లెమాక్, కొబ్బరిపాలతో వండిన అన్నం, తెచ్చుకున్నాం. తింటూ తింటూ రీమా అడిగింది: "మీ తెలుగులో ఇలాంటి పుస్తకం ఉందా?"

"ఉండే ఉంటుంది. నేను చూడలేదు" అన్నాను.

"వెతికావా?"

నోట్లో ముద్ద పెట్టుకుని తప్పించుకున్నాను. వెతకలేదు. మా పుస్తకం ఎవరికోసమో, నేనూ ఆ ఆడవాళ్లలో ఒకదాన్నే, ఈ సంగతి ఈ ఊళ్లో రీమాకొక్కదానికే తెలుసు. నాకు అరబిక్ ముక్క రాదు. అయినా ఈ పనిలో ఎందుకు దూరానంటే, రాదు కాబట్టే. ఆఫీసులో స్క్రీన్ తెరిచి పెట్టుకున్నా, మా తెలుగువాళ్లు వెనకనుంచి తొంగిచూసినా ఎవరికీ ఏమీ అర్థం కాదు. మంచి పని చేస్తున్నానన్న తృప్తి దక్కుతుంది, నా గుట్టు నా దగ్గరే ఉంటుంది. సంవత్సరంపాటు అలా హాయిగా నడిచిపోయింది.

పన్నెండున్నరకి పాసిర్ రిస్ వైపు వెళ్లే రైలెక్కాం. పాయా లేబర్‌కి ముప్పావుగంట, రెండు డాలర్ల పైచిలుకు. పెట్టె బరువుగా ఉందని కాళ్ల మధ్య నేలమీద పెట్టుకున్నాను. తలుపులు మూసుకుంటుంటే ఫర్జానా ఆంటీ ఎక్కారు. ఆంటీవాళ్లది నల్లగొండ. బుకిట్ బటోక్‌లో మా ఎదుటి ఫ్లాటులో ఆరేళ్లున్నారు, పోయినేడే బూన్ లేకి మారారు. నాకు డెంగీ వచ్చినప్పుడు పదిరోజులు పూటపూటా జావ కాచి తెచ్చిన మనిషి. పలకరిస్తూ వచ్చి నా పక్కనే కూర్చున్నారు, అంతలో పెట్టె చూశారు.

"ఏంది బేటా, అరబ్బీ రాసున్నదాన్ని కాళ్ల కాడ పెట్టినవ్?" అంటూ నేను ఆపేలోపే వంగి, పెట్టె ఎత్తి తన ఒళ్లో పెట్టుకున్నారు. మూతమీది అక్షరాలను చేత్తో తాకి కళ్లకద్దుకున్నారు. "ఏం కితాబులు ఇవి? దువాలా?"

"ఆఁ, దువాలే ఆంటీ. ఈ అమ్మాయి పని" అన్నాను. ఎంత సులువుగా వచ్చేసిందో ఆ అబద్ధం.

ఆంటీ మొహం విప్పారింది. "ఒకటి నాకియ్యి. వచ్చే వారం మీ అంకుల్‌కి ఆపరేషన్. నాకు అర్థం తెల్వదు గానీ అక్షరం చదువుడు వస్తది" అన్నారు. పెట్టె తెరిచి ఒక కాపీ తీసి, చేతికందిన పేజీ విప్పి రీమా ముందు పెట్టారు. "అంకుల్ కోసం ఇదొక్కటి చదవమను బేటా."

రీమాతో ఇంగ్లిష్‌లో గబగబా చెప్పాను: "ప్రార్థనలనుకుంటోంది. ఏదో ఒకటి చదివెయ్, ప్లీజ్." రీమా నావైపు చాలాసేపు చూసింది. తర్వాత ఆ తెరిచిన పేజీనే, పదకొండోది, మెల్లగా చదివింది. ఆంటీ చున్నీ తలమీదికి లాక్కుని, రెండు అరచేతులూ తెరిచి, కళ్లు మూసుకుని విన్నారు. అయిపోగానే "ఆమీన్" అన్నారు.

నాకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

రీమా పుస్తకం మూసింది. "ఇందులో ఏముందో ఆవిడకి చెప్పు. నీ భాషలో చెప్పు. నా రాతని ఇలా దొంగసరుకులా మొయ్యను" అంది.

బొమ్మలు వేయడం కోసం రీమా ప్రతి పేజీ నాకు ఇంగ్లిష్‌లో చెప్పేది, పదకొండో పేజీ అలా నాకు కంఠతా వచ్చు. తెలుగులో ఒక్క వాక్యం నోరు దాటలేదు. నాలుగు స్టేషన్లు పోయాయి. చివరికి, "దువాలు కావు ఆంటీ. ఆడవాళ్ల ఆరోగ్యం గురించి" అన్నాను.

"ఆరోగ్యం పుస్తకమైతే దువాలని ఎందుకు చెప్పినవ్?"

నేను తలుపు మీది స్టేషన్ల పేర్లు చదువుకుంటూ కూర్చున్నాను.

"నేను ఆమీన్ అన్న బేటా" అన్నారు ఆంటీ. కోపంగా కాదు. కోప్పడినా బాగుండేది.

మిగతా దారంతా ఆ పెట్టె ఆంటీ ఒళ్లోనే ఉంది. నేలమీద పెట్టలేదు, నాకూ ఇవ్వలేదు. ఆవిడ దిగేది కూడా పాయా లేబర్‌లోనే, గేలాంగ్ సెరాయ్ మార్కెట్లో మాంసం కొనడానికి. ప్లాట్‌ఫాం మీద పెట్టెని రీమా చేతుల్లో పెట్టి, నావైపు తిరిగి, "నాకు అరబ్బీ అర్థం గాదు. తెలుగు అర్థమైతది గద" అన్నారు. అని మెట్లవైపు వెళ్లిపోయారు. వెనకాల పరుగెత్తి ఉండాల్సింది. నిలబడిపోయాను.

చదివే చోటు స్టేషన్‌కి ఏడెనిమిది నిమిషాల నడక, ఒక ఆఫీసు భవనం మూడో అంతస్తు. రెండింటికి మొదలైంది. పద్ధతి ఏమిటంటే, ఒక్కొక్కరూ ఒక్కో పేజీ పైకి చదువుతారు. ఎక్కడ గొంతు తడబడితే అక్కడ మిగతావాళ్లు ఎర్రపెన్నుతో చుక్క పెడతారు, రీమా ఏమీ మాట్లాడకూడదు. డాక్టర్ల పేజీ నిండా చుక్కలే. "ఇది ఆసుపత్రి ఫారంలా ఉంది, అక్క చెల్లెలితో మాట్లాడినట్టు లేదు" అని ఒకామె నాకూ అర్థమయ్యేలా ఇంగ్లిష్‌లో చెప్పింది. రీమా తలూపి రాసుకుంది. పదకొండో పేజీ వచ్చింది ఉన్నవాళ్లలో పెద్దావిడకి, యాభై దాటి ఉంటాయి. గొణుగుతూ మొదలుపెట్టి ఆగిపోయింది. మంచినీళ్లు తాగి, మొదటినుంచి మళ్లీ చదివింది, ఈసారి గదంతా వినబడేలా. తర్వాత ఇంగ్లిష్‌లో, "మా అమ్మ మాట్లాడే భాషలో ఈ మాటలు నా నోటితో అనడం ఇదే మొదటిసారి" అంది. ఎవరూ చుక్క పెట్టలేదు. నేను గోడవైపు తిరిగి ఖాళీ కప్పులు సర్దాను. ఆవిడ మొహం చూడటానికి నాకు మొహం చెల్లలేదు.

ఐదింటికి బయటపడ్డాం. రీమా మంచిగానే మాట్లాడింది, అదింకా కష్టంగా ఉంది. ఆ రాత్రినుంచి నాలుగు రోజులు కూర్చుని ఒక్క పేజీ తెలుగులో రాశాను. నలభై ఎనిమిది పేజీలు కూర్చినదాన్ని, ఒక్క పేజీకి నాలుగు రోజులు. ఇదిగో: "నీకు జబ్బేమీ లేదు. నువ్వు చేసిన నేరమేదీ లేదు. ఆడపిల్లవై ఉండి ఆడపిల్లనే ప్రేమించావు, అంతే. ఒంటరిదాన్ననుకుంటున్నావు కదా, ఇప్పుడే ఇంకెక్కడో ఇంకొకతె ఇదే పేజీ చదువుతోంది. తొందరపడకు. ముందు బతుకు, మిగతావి మెల్లగా చూసుకుందాం." ఆంటీ ఆమీన్ అన్నది దీనికే. అరబిక్‌లో ఇది రాయడానికి రీమా చాలా పోగొట్టుకుంది. తెలుగులో చెప్పడానికి నేను ఒక్క ఆంటీ మొహం చూడలేకపోయాను.

ఈ దారిన వెళ్లేవాళ్లకి ఒక్క సలహా. శనివారం మధ్యాహ్నం బూన్ లేలో ఎక్కితే సీటు తప్పకుండా దొరుకుతుంది, పక్కన తెలిసినవాళ్లు కూడా దొరుకుతారు, పెట్టెలో ఏముందని అడుగుతారు. జవాబు మీ సొంత భాషలో ఒకసారి పైకి అనుకుని మరీ రైలెక్కండి. ఆంటీ నల్లగొండలో పదో తరగతిదాకా తెలుగు మీడియమే, ఈ బ్లాగు పోస్టులన్నీ చదువుతారు. ఇది మాత్రం ఇక్కడ పెట్టడానికి ముందే ఆవిడకి పంపాను. చదివారని ఫోన్‌లో కనిపిస్తోంది.