గాలిలో ఆగిన ఎలుగుబంటి

మొన్న బుధవారం కాకినాడ నుంచి యానాం వచ్చే బస్సులో నా పక్కసీటులో నాలుగేళ్ళ పాప, వాళ్ళమ్మ ఫోనులో ఏదో పాత కార్టూన్ చూస్తోంది. నాకు తెర కనబడలేదు. పాప ఊపిరి బిగబట్టడం వినబడింది, ఆ తర్వాత ఒక్కసారిగా నవ్వు. రెంటికీ మధ్య మూడు సెకన్లు. ఎవరో పడబోయారనీ, పడ్డారనీ తెర చూడకుండానే తెలిసింది. ఆ విద్య నాకు నేర్పినవారు సత్యంగారు. ఆయన ఇప్పుడు లేరు.

ఆయన యానాంలోనే మెట్టకూరులో విరిగిన ఎముకలకు కట్టు కట్టేవారు. మా వీధివారే, బాబాయిగారూ అని పిలిచేదాన్ని. నా భర్త పోయిన ఏడాది ఆయనే కబురుపెట్టి, వచ్చినవాళ్ళ పేర్లు, కట్టు మార్చవలసిన రోజులు రాసే పని ఇచ్చారు. పదకొండేళ్ళు చేశాను. కట్లకు పూసే కోడిగుడ్డు సొన వాసన వేసే ఆ గదిలో ఒక టీవీ ఉండేది. దాని శబ్దం ఏనాడో పోయింది. ఫ్రాన్సులో ఉన్న చుట్టమెవరో ఇచ్చివెళ్ళిన క్యాసెట్టు ఒక్కటే అందులో ఆడేది. ఏడు నిమిషాల బొమ్మ. ఒక ఎలుగుబంటి బాతును పట్టుకోబోయి పద్నాలుగుసార్లు పడుతుంది. ఇంటికప్పు మీద పరిగెత్తుతూ అంచు దాటి వెళ్ళిపోయి, గాలిలో కాసేపు అలాగే నిలబడుతుంది. కిందికి చూసుకున్నాకే పడుతుంది. పిల్లలే కాదు, వలలు లాగి అరచేతులు కాయలుకాసిన ముసలివాళ్ళూ నవ్వేవారు.

"ఇన్నిసార్లు చూసిందే కదా బాబాయిగారూ, ఏముందని నవ్వుతారు?" అని ఒకరోజు అడిగాను.

"పడుతుందని తెలుసు కాబట్టేనమ్మా. అదెప్పుడు పడుతుందా అని ఒళ్ళంతా బిగబట్టుకుంటారు. పడగానే వదిలేస్తారు. కండ వదులయ్యే ఆ క్షణమే నాకు కావాలి."

టీవీకి వీపు పెట్టి, రోగికి ఎదురుగా కూర్చుని, కళ్ళు మూసుకుని, విరిగినచోటు వేళ్ళతో వెతికేవారు. నేను ఆయన వెనక కాస్త పక్కగా నిలబడి, నవ్వు వచ్చే క్షణానికి భుజం తట్టాలి. అప్పుడు ఎముక లాగి సరిచేసేవారు. మొదట్లో రోగి మొహం చూసి తట్టేదాన్ని. తర్వాత లెక్క దొరికింది. మీట నొక్కాక సరిగ్గా ఒక నిమిషం యాభై సెకన్లకు ఆ కప్పు మీంచి పడడం. ఎదుటి గోడకు గడియారం ఉండనే ఉంది, ఇక మొహాలతో పనేముంది అనుకున్నాను.

"నువ్వుండగా నాకు కళ్ళెందుకమ్మా," అనేవారు. ఆ మాటకు పొంగిపోయేదాన్ని.

క్యాసెట్టు అరిగి గీతలు పడుతుంటే బజారులో కాపీ తీయించాను. మర్నాడే అడవిపొలం నుంచి ఒకాయన ఎనిమిదేళ్ళ కూతురు దేవిని తీసుకొచ్చాడు. కుడి మోచేతి దగ్గర విరిగింది. గడియారం చూసి, ఒక నిమిషం యాభైకి భుజం తట్టాను. నవ్వు రాలేదు, అరుపు వచ్చింది. బిగుసుకుని ఉన్న చెయ్యి ఆయన పట్టులో మెలితిరిగిపోయింది. ఆ సాయంత్రం కాపీ వేసి చూశాను. మొదట్లో ఎనిమిది సెకన్లు ఖాళీ తెర.

కట్టు విప్పేసరికి చెయ్యి వంకరగా అతుక్కుని ఉంది.

"ఆడపిల్లండి గురువుగారూ," అన్నాడు తండ్రి. "ఈ చేత్తో రేపు ఏం చేసుకు బతుకుతాదండి?"

"నా చెయ్యి తొందరపడింది నాయనా. తప్పు నాది," అన్నారాయన.

నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. వాళ్ళు వెళ్ళాక ఆయన నాతో అన్నది ఒక్కటే మాట. "గడియారం నవ్వదమ్మా."

ఆ తర్వాత పిల్లలకు కట్టు కట్టడం మానేశారు. టీవీ మీద దుప్పటి కప్పారు. పెద్దవాళ్ళు రావడమూ తగ్గింది. మూడేళ్ళకు పోయారు. నిజం చెప్పడానికి నాకు మరో పన్నెండేళ్ళు పట్టింది.

నేను అడవిపొలం వెళ్ళేసరికి దేవి గుమ్మంలో కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతోంది. సూది ఎడమచేతిలో ఉంది. నేనెవరో చెప్పి, "ఆ రోజు తప్పు ఆయనది కాదమ్మా, నాది," అన్నాను.

"తెలుసండి," అంది తలెత్తకుండా. "మీరు గడియారం వంక చూస్తున్నారు. నాకు కనబడతానే ఉంది."

"మరి మీ నాన్నతో చెప్పలేదేం?"

"నన్నెవరడిగారండి?"

కాసేపు కుట్టుకుంది. తర్వాత అడిగింది. "ఇంతకీ ఆ ఎలుగుబంటి పడిందాండి? కప్పు చివరిదాకా వచ్చింది. అప్పుడే నొప్పికి కళ్ళు మూసేసుకున్నాను."

"పడింది."

"లేచిందా మళ్ళీ?"

"లేచింది."

నవ్వుతుందేమోనని ఆమె మొహంలోకి చూశాను. దారం కొరికి, ఇంకో చొక్కా ఒళ్ళోకి లాక్కుంది. ఈనాటికీ నేనింకా ఆ మొహంలోకే చూస్తూ నిలబడ్డట్టు అనిపిస్తుంది, ఆ నవ్వు ఎన్నో నిమిషానికి వస్తుందో లెక్క తెలియక.