కారు కప్పుకు కుచ్చులు

మా తమ్ముడు పిల్లల బట్టలు కుట్టే దర్జీ. పేట అంతా అతణ్ణి ‘పెంపు మేస్త్రి’ అంటుంది. పిల్లల ఎదుగుదలకు సరిపడే గుడ్డను లోపలి మడతలో దాచి కుట్టడం అతని అలవాటు. గౌను బిగుతైనప్పుడు ఆ కుట్టు విప్పితే చాలు, మరో ఏడాది గడిచిపోతుంది. నేను పాఠాలు చెప్పిన పిల్లలలో సగం మంది ఆ మడతలలోనే పెరిగారు.

అతనికొక పాత కారు ఉంది. ఇంజను నిక్షేపంగా ఉన్నా, లోపలి పైకప్పుకు అతికిన గుడ్డ ఊడి, వాన నీరు నిలిచిన టార్పాలినులా వేలాడేది. తమ్ముడు తనకు తెలిసిన విద్యతోనే దానిని నిలబెట్టాడు: వరుసగా గుండుసూదులు గుచ్చాడు. ఒకనాడు వాటిలో ఒకటి రాలి మా మరదలి కొప్పులో దిగింది.

“నన్ను కారెక్కమన్నారా, కొలతలిమ్మన్నారా?” అని ఆవిడ నాటి నుంచి ఆ కారెక్కడమే మానేసింది.

తమ్ముడు దానికీ చలించలేదు. అతణ్ణి కదిలించింది ఆసుపత్రి నుంచి కూతురు చేసిన ఫోను. ఆమెకు ఆ వారమే ఆడపిల్ల పుట్టింది.

“నాన్నా, ఎల్లుండి మమ్మల్ని పంపించేస్తారట. నువ్వు మాత్రం ఆ కారు తేకు. పోయినసారి ఎక్కితే తలనిండా పసుప్పచ్చ పొడి. పసిదాని కళ్లల్లో పడితే? మేం టాక్సీలో వచ్చేస్తాం.”

ఫోను పెట్టేసి అతడు వెళ్లి కారు పక్కన నిలబడ్డాడు. కూతురు పుట్టినప్పుడు ఆమెను అద్దె బండిలో ఇంటికి తెచ్చాడు. మనవరాలినైనా సొంత కారులో తేవాలన్నది అతని చిరకాలపు కోరిక.

మరునాడు ఉదయమే వాకిట్లో పని మొదలైంది. కారు లోపలి దీపం, పిడులు, ఎండకు దించుకొనే రెక్కలు విప్పి, కప్పుకు లోపల బిగించిన అట్టను వెనుక తలుపు గుండా బయటికి లాగి బల్లపై పరిచాడు. పాత గుడ్డ కింద నుజ్జయిన స్పాంజిని బ్రష్షుతో రుద్దుతుంటే పసుపు దుమ్ము లేచి అతని మీసాన్ని కప్పేసింది.

“ఈ వయసులో మీసానికి రంగెందుకండీ?” అంది మా మరదలు.

కొట్టులో ఒక బట్టల తానుకు చివర మిగిలిన బూడిద రంగు గుడ్డను తెచ్చాడు. టేపుతో అంచు నుంచి అంచుకు కొలిచి కత్తిరించాడు. సగం గుడ్డను మడిచిపెట్టి, జిగురు పూసి, మధ్య నుంచి అంచులకు అరచేత్తో నిమురుతూ అతికించాడు. చిక్కు అక్కడే వచ్చింది. ఆ అట్ట చదునైనది కాదు, పళ్లెంలా లోతైనది. గుడ్డను గుంటలలోకి ఒత్తిన కొద్దీ అంచు లోపలికి జరిగింది. చివరికి వెనుక వైపు, సరిగ్గా పాప తలపైకి వచ్చే చోట, బెత్తెడు అట్ట బోసిగా మిగిలింది. జిగురు ఆరిపోయింది, లాగితే గుడ్డ చిరుగుతుంది. కొట్టులోనా, ఆ తాను అయిపోయింది.

“ఊళ్లో పిల్లలందరికీ పెంపు వదిలానక్కా! నా మనవరాలి దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను,” అంటూ తమ్ముడు కత్తెర పక్కన కూలబడ్డాడు. “ఇక ఆ టాక్సీయే గతి.”

మా మరదలు నడుము మీద చేతులుంచుకొని అట్టను ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది.

“ఏమండీ, గౌను పొట్టిదైపోతే మీరేం చేస్తారు?”

“అడుగున కుచ్చుల పట్టీ వేస్తాను.”

“మరి వెయ్యండి.”

“కారుకా?”

“ఏం, కారుకి సిగ్గా?”

తమ్ముడు ఆమెను చూశాడు, అట్టను చూశాడు, ఒక్క ఉదుటున లేచి ముక్కల బుట్టను బోర్లించాడు. మీగడ రంగు మీద పచ్చని చుక్కలున్న గుడ్డ దొరికింది. మిషను ముందు కూర్చొని సన్నని, సమమైన కుచ్చులు పోసి, ఇస్త్రీ చేసి, బూడిద గుడ్డ అంచును కప్పేలా అతికించి, మిగిలినదానిని అట్ట వెనక్కి మడిచాడు. ఈసారి ఆ మడతలో గుడ్డను ధారాళంగా వదిలాడు.

“కారు కూడా ఎదుగుతుందట్రా?” అన్నాను.

“ఏమో అక్కా, మన జాగ్రత్తలో మనముండాలి.”

మరునాడు ఆసుపత్రి గుమ్మంలో మేనకోడలు పాపను తల్లి చేతికిచ్చి, ముందుగా కారులోకి తల దూర్చింది. అరచేత్తో కప్పును చరిచింది. మళ్లీ చరిచింది. చెయ్యి తిప్పి చూసుకుంది. పొడి జాడైనా లేదు. అప్పుడామె చూపు వెనుక వైపు కుచ్చులపై పడింది.

“నాన్నా! కారుకి గౌను కుట్టావా?” అంటూనే పొట్ట పట్టుకుంది. “నవ్వించకు బాబూ, కుట్లు లాగుతున్నాయి!”

“ఆ డాక్టర్లు పెంపు వదలకుండా వేసుంటారమ్మా,” అన్నాడు తమ్ముడు.

“అత్తా, ఈయన్ని ఆపు!” అంటూ వెనుక సీటులో చేరి చేతులు చాచింది. “పాపనివ్వమ్మా. ఆ టాక్సీ వద్దని చెప్పెయ్యండి.”

ఆనాడు మా తమ్ముడు నడిపిన వేగానికి సైకిళ్లు గంట కొట్టుకుంటూ దాటిపోయాయి. మా మరదలు కూతురి పక్కన కూర్చుంది. ఒక్కసారైనా కొప్పు తడుముకోలేదు.

“చుక్కల్ని చూసి నవ్విందే!” అన్నాడు తమ్ముడు, అద్దంలోకి తొంగిచూస్తూ.

“అది ఆవులింత. మీరు ముందు రోడ్డు చూడండి.”

తీర్పు నన్ను చెప్పమన్నారు. ముందు సీటు నుంచి నేను వెనుదిరిగి చూసేసరికి, పాప ఆ కుచ్చుల కింద హాయిగా నిద్రపోతున్నది.